ముందు కొలత

గాజులమండ్యం ఎస్టేటులో మా షెడ్డుకు
ఏసీ పెట్టింది నా కోసం గాదు, మైక్రోస్కోపు కోసం.
ఇరవై డిగ్రీలు దాటితే అది అబద్ధం చెప్తుంది.
నేను స్వెట్టరేసుకోని నిజం రాస్తాను.

బయట లేతుల కింద ఉక్కు చుట్టలు చుట్టలుగా రాల్తుంటుంది.
లోపలికి నా దగ్గరికొచ్చేది గోరంత ముక్క,
కార్బైడు ఇన్సర్టు, పసుపు పూత, నాలుగు మూలలు.
స్పిరిట్టుతో తుడిచి, పట్టుకారుతో నిలబెట్టి
లెన్సును దించుతాను, మైక్రాను వెనక మైక్రాను.
ఒక్కో మెట్టులో ఒక్కో గీత తేటపడి మళ్ళీ మసకేస్తుంది.
తేటపడినవన్నీ ఒకదానికొకటి కుట్టుకోని
తెర మీద ఒక గుట్ట లేస్తుంది,
తలకోన దోవలో వాన కోసేసిన గట్టు మాదిరి.
అంచు కింద అరిగిన పట్టీ. పైన చిన్న గుంత.
పట్టీ సున్నా పాయింట్ మూడు దాటిందా, మూల తిప్పాల.
రూలు అంతే.

దొరస్వామి అన్నకు ఈ రూలంటే పడదు.
ముప్పై రెండేండ్లుగా లేతు కాడ నిలబడిన మనిషి.
"నీ మిషను చూసింది. నేను విన్న్యాను.
కూత మారలేదు మే, ఇంగా రెండు షాఫ్టులు కోస్తాది."
ట్రేలోంచి ఒక ఉక్కు చుట్ట తీసి ఎండకు పట్టినాడు.
"ఇంగా గడ్డి రంగే. నీలం తిరిగినాక చెప్పు."
సున్నా పాయింట్ మూడు ఒకటి రెండు అని రాసి సంతకం పెట్టినాను.
మూల తిప్పినాడు. రెండు దినాలు నాతో మాట్లాడలా.
ఆ రెండు షాఫ్టులు కోసుండేదో లేదో
ఇద్దరికీ ఇంగ తెలీదు.

అమ్మది కొండ మీద పని. కల్యాణకట్ట.
ఆడోళ్ళ వరసలో, పంతొమ్మిదేండ్లుగా,
తల తడపడం, సగం బ్లేడు మార్చడం, తల వంచడం.
ఒకనాడు ఆమె సంచి అడుగున, వక్కపొడి పొట్లం పక్కన
కాగితంలో చుట్టి మరిచిపోయిన సగం బ్లేడు దొరికింది.
డ్యూటీ అయినాక లెన్సు కింద పెట్టినాను.
ఒక్క తల. ఒకే ఒక్క తల గీసిన అంచు
ఎలక కొరికిన అట్ట మాదిరి ఉండాది.
ఉక్కు కంటే యాభై రెట్లు మెత్తనిది గదా వెంట్రుక!
ఇంటికొచ్చి చెప్తే పొయ్యి కాడ నుంచి తిరక్కుండానే
"మొక్కు మెత్తగుంటాదా యాడన్నా" అనింది,
పులుసులో ఉప్పు చూడమని గరిటె చాపింది.

ఆ నెల రేషన్ మిషను ఆమె బొటనవేలిని ఒప్పుకోలేదు.
"నీదాన్లో పెట్టి చూడు మే, నా వేల్లో గీతలుండాయో లేదో."
ఆదివారం, ఖాళీ షెడ్డు. చీర కొంగు భుజాల నిండా కప్పుకోని
లెన్సు కింద వేలు పెట్టింది.
తెర మీద
నీళ్ళు పారి పారి చదునైపోయిన మడి.
ఒక ఓరన మాత్రం సగం గట్టు.
"ఎంత అరిగింది?"

చెప్పలేకపోయినాను.
అరుగుదల అంటే తీసివేత లెక్క.
కొత్తగా ఉన్నప్పుడే ఒకసారి కొలిచి దాచుకోవాల,
అరిగినాక దాని మీద దీన్ని పరిచి
లేనిది ఎంతో చూడాల.
ప్రతి ఇన్సర్టుకీ ఆ ముందు కొలత ఉండాది నా దగ్గర,
నంబరుతో, తేదీతో.
నా మొదటి పంటి కోసం చిగురు తడిమిన దినాన
ఈ వేలు ఎట్లుండెనో
ఎవరు రాసి పెట్టినారు?

మర్నాడు రేషన్ కాడ
బొటనవేలు, ఎర్ర. చూపుడువేలు, ఎర్ర.
కుడి చెయ్యంతా అయిపాయ.
వెనక వరసలో ఎవరో గొణుగుతా ఉండారు.
అమ్మ తొందరపళ్ళా. చెయ్యి తిప్పి
ఒక్కోటే, ఒక్కోటే, చివరికి ఎడమ చిటికెనవేలు.
మిషను కాసేపు ఆలోచించింది.
పచ్చ.

"ఇదేం పని జేసిందనీ" నవ్వింది అమ్మ,
"పిల్లకాయల చెవులు మడిచి పట్టుకోవడం దప్ప."

బియ్యం సంచి నేనెత్తుకున్నాను.
ఆ చిటికెనవేలినైనా కొలిచి పెట్టుకోవాల,
నంబరు వేసి, తేదీ వేసి.
వచ్చే ఆదివారం.
ఆమెకు డ్యూటీ లేకుంటే.